ఆవముద్ద ఉండగా సీసా ఎందుకు?

(ఒడిశాలోని బరంపురంలో తెలుగు కుటుంబాల ఆదివారం కూడికలో చేసిన ప్రసంగం, రాత రూపంలో)

అందరికీ నమస్కారం. పిన్నులూ, వదినలూ, తలుపు దగ్గర నిలబడ్డ బాబాయిగార్లూ, లోపలికి రండి. కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. వంట మాట వినగానే గుమ్మంలో ఆగిపోతే ఎలా? తినేటప్పుడు ముందు వరస మీదే కదా. (నవ్వులు)

నన్ను మాట్లాడమన్నది పాస్తా సలాడ్‌లో కలిపే డ్రెస్సింగ్ గురించి. పాస్తా మన ఊళ్లో ఇప్పుడు వింతేం కాదు. పిల్లలున్న ఇళ్లలో అల్మారాలో ఒక పాకెట్ ఉంటూనే ఉంటుంది. ఉల్లిపాయ, టమాటా, పచ్చిమిర్చి వేసి దాదాపు ఉప్మాలాగే చేసేస్తాం. వేడిగా తింటే బాగానే ఉంటుంది, నేనేమీ తప్పు పట్టను. చల్లగా తినే సలాడ్ దగ్గరకు వచ్చేసరికే ధైర్యం పోతుంది. బజారుకు వెళ్లి ఒక సీసా కొనేస్తాం. ఈసారి ఆ సీసా తిప్పి వెనక చిన్న అక్షరాలు చదవండి. నూనె, నీళ్లు, పంచదార, వెనిగర్, ఉప్పు, చిక్కబరచడానికి ఏదో ఒక పదార్థం, నిల్వ ఉండడానికి ఇంకొకటి. సీసాకూ సీసాకూ కొంచెం తేడా ఉంటుంది గానీ వరస ఇంచుమించు ఇదే. మొదటి ఐదూ మన ఇంట్లో ఉన్నవే. నిల్వకి వేసేది మనకు అక్కర్లేదు, ఇవాళ చేసింది రెండు మూడు రోజుల్లో అయిపోతుంది. ఇక మిగిలింది చిక్కబరచి కలిపి ఉంచేది. దానికి మన దగ్గర అంతకన్నా మంచి సరుకే ఉంది. ఆవముద్ద.

పనసపొట్టు కూరలో ఆవ పెడతాం. అరటికాయలో పెడతాం, కందలో పెడతాం, ఆవపెరుగు పచ్చడి చేస్తాం. పక్కింటి ఒడియా వాళ్లు ఆవాలు, వెల్లుల్లి, జీలకర్ర, ఎండుమిర్చి కలిపి నూరి బేసర అనే కూర వండుతారు. ఈ గంజాం జిల్లా 1936 ఏప్రిల్ 1న కొత్త ఒడిశా రాష్ట్రంలోకి వచ్చింది, అంతకుముందు మద్రాసు కింద ఉండేది. ఎవరి దగ్గర ఎవరు నేర్చుకున్నారో ఇప్పుడు పంచాయితీ పెట్టక్కర్లేదు. రెండిళ్లలోనూ రోలు అడుగున ఆవ వాసన ఉంది, నాకు అది చాలు.

ఆవ ఎందుకు అంత ముఖ్యమో చెప్తాను. ఈ సీసా చూడండి. ఇందులో నిమ్మరసం, నూనె మాత్రమే వేశాను. బాగా గిలకొడుతున్నాను. ఇప్పుడు తెల్లగా కలిసిపోయినట్టు ఉంది. బల్ల మీద పెట్టి వదిలేస్తాను, మనం మాట్లాడుకుందాం. ఇది రెండో సీసా. అదే నిమ్మరసం, అదే నూనె, అదనంగా ఒక టీ చెంచా ఆవముద్ద. దీన్నీ అంతే గిలకొట్టాను. పక్కపక్కనే ఉంచుతున్నాను, మధ్యమధ్యలో చూస్తూ ఉండండి.

నూనె, పులుపు నీళ్లు వాటంతట అవి కలవవు. గిలకొడితే నూనె చిన్న చిన్న బొట్లుగా విడిపోతుంది. కాసేపటికి ఆ బొట్లు ఒకదాన్నొకటి వెతుక్కుని మళ్లీ పైకి చేరిపోతాయి. ఆవగింజ పొట్టులో జిగురు ఉంటుంది. రాత్రి నానబెట్టిన ఆవాలు చేత్తో ముట్టుకుంటే జారుతుంటాయే, అదే. ఆ జిగురు, ఆవ పిండి నలుసులు కలిసి నూనె బొట్ల మధ్య అడ్డం పడతాయి. బొట్లు తొందరగా ఒకటి కాలేవు. గుడ్డు పచ్చసొనలో లెసిథిన్ అనే పదార్థం చేసే పనీ ఇలాంటిదే, గుడ్డు, నూనె కలిపి గిలకొట్టే మయొనైజ్ నిలబడేది దానివల్లే. ఆవకి అంత బలం లేదు. గంటల తరబడి పట్టి ఉంచమంటే ఉంచదు. సలాడ్ కలిపి వడ్డించేంతసేపు మాత్రం హాయిగా ఉంచుతుంది, విడిపోతే మళ్లీ నాలుగు సార్లు ఊపితే సరిపోతుంది.

ఆవ నూరడం మీకు నేను నేర్పాలా? అయినా డ్రెస్సింగ్‌కి కావలసిన రెండు సంగతులు చెప్తాను. ఆవాలు చల్లని నీళ్లలోనే నానబెట్టాలి. తొందరగా నానుతాయని మరిగే నీళ్లు పోస్తారు కొందరు, ఘాటు మొత్తం పోతుంది. పొడి ఆవగింజ నమిలితే వెంటనే ముక్కుకు ఎక్కదు, గమనించారా? గింజ నలిగి, నీరు తగిలాక లోపల ఉన్న మైరోసినేజ్ అనే ఎంజైము పని మొదలుపెడుతుంది, ఘాటు అప్పుడు పుడుతుంది. మరిగే నీళ్లు ఆ ఎంజైమును చంపేస్తాయి. రెండోది, పులుపు ఎప్పుడు వేయాలన్నది. నూరిన వెంటనే నిమ్మరసం పిండితే ఘాటు పూర్తిగా రాకుండానే ఆగిపోతుంది. నూరిన ముద్దను పది పదిహేను నిమిషాలు అలా వదిలేసి, ముక్కుకు తగిలే స్థితికి వచ్చాక నిమ్మరసం గానీ వెనిగర్ గానీ కలపండి. పులుపు ఆ ఘాటును అక్కడే పట్టి నిలుపుతుంది, లేకపోతే సాయంత్రానికి చప్పబడిపోతుంది. పిల్లలకు ఘాటు వద్దంటే తొందరగా పిండేయండి. రెండూ మన చేతిలో ఉన్న పనులే. నూరేటప్పుడు చిటికెడు ఉప్పు వేస్తే చేదు అంతగా తెలియదు, మిక్సీని మరీ ఎక్కువసేపు తిప్పకండి.

(సభలోంచి ఎవరో: రెడీమేడ్ మస్టర్డ్ సాస్ వేసుకోవచ్చా?) వేసుకోవచ్చమ్మా, పని జరుగుతుంది. రోలు ఇంట్లో పెట్టుకుని ట్యూబు కొనడం ఎందుకని నా గొడవ.

ఇప్పుడు పాళ్లు. ఫ్రాన్సులో ఆకుల సలాడ్‌కి కలిపే వినేగ్రెట్‌కు పాత లెక్క మూడు వంతుల నూనె, ఒక వంతు వెనిగర్. ఇంటర్నెట్లో చూసి చాలామంది ఆ లెక్కే పాస్తాకీ వాడేస్తారు. అప్పుడు సలాడ్ నూనె నూనెగా, చప్పగా వస్తుంది. ‘ఏదో తగ్గింది’ అని ఇంకాస్త ఉప్పు చల్లుతారు. తగ్గింది ఉప్పు కాదు, పులుపు. పాస్తా అంటే పిండి. పిండి రుచుల్ని మింగేస్తుంది. పైగా చల్లగా తింటున్నాం, చల్లటి పదార్థంలో రుచులు నాలుకకు మందంగా తెలుస్తాయి. ఎండాకాలం పఖాళ, అదే ఒడియా వాళ్ల నీళ్లు పోసిన చద్దన్నం, తినేటప్పుడు పక్కన ఆవకాయో వేయించిన ఎండుమిర్చో లేకుండా ముద్ద దిగుతుందా? ఇదీ అదే లెక్క. పాస్తాకి రెండు వంతుల నూనెకు ఒక వంతు పులుపు ఉండాలి. మన నాలుకకు ఒకటిన్నర వంతుల నూనె పెట్టినా నేను అభ్యంతరం చెప్పను. విడిగా చెంచాతో రుచి చూసినప్పుడు డ్రెస్సింగ్ ‘అబ్బో, ఎక్కువైంది’ అనిపించాలి. అప్పుడే పాస్తాలో కలిశాక సరిగ్గా ఉంటుంది.

పావుకిలో పాస్తాకి చెప్తాను, రాసుకునేవాళ్లు రాసుకోండి. నాలుగు పెద్ద చెంచాల పులుపు. ఎనిమిది పెద్ద చెంచాల నూనె. ఒక టీ చెంచా ఉప్పు, ఒక టీ చెంచా ఆవముద్ద, అర టీ చెంచా బెల్లం తురుము గానీ పంచదార గానీ, అర టీ చెంచా మిరియాల పొడి, ఒక వెల్లుల్లి రెబ్బ నలిపి. అంతే. ఇది దాదాపు ముప్పావు కప్పు అవుతుంది.

వేసే వరస మారితే మాత్రం ఫలితం మారిపోతుంది. ఉప్పు నూనెలో కరగదు. కాబట్టి ముందు పులుపులో ఉప్పు, బెల్లం వేసి పూర్తిగా కరగనివ్వండి. తర్వాత వెల్లుల్లి, మిరియాలు, ఆవముద్ద. నూనె చిట్టచివర, అదీ ఒక్కసారిగా కుమ్మరించకుండా సన్నటి ధారగా పోస్తూ గిలకొట్టాలి. ఓపిక లేదంటే అన్నీ మూత బిగుతుగా ఉన్న సీసాలో వేసి గట్టిగా ఊపండి. సీసా సగానికి పైగా నింపకండి, ఊపడానికి చోటుండాలి.

ఏ పులుపు అన్నది మన ఇలాకాలో తేలిగ్గా తేలే ప్రశ్న కాదు. నిమ్మరసం వాసన బాగుంటుంది, కానీ పిండి నిల్వ ఉంచితే మర్నాటికి చేదెక్కుతుంది, కాబట్టి అప్పటికప్పుడు పిండాలి. వెనిగర్ నిలకడగా ఉంటుంది, పెద్ద వంటలకు నేను అదే వాడతాను, సగం వెనిగర్, సగం నిమ్మ. చింతపండు గుజ్జు వేస్తే చిక్కదనం దానంతట అదే వస్తుంది. రంగు మాత్రం గోధుమరంగుకు తిరుగుతుంది, అది ఇష్టం లేకపోతే వద్దు. పచ్చి మామిడికాయ రోజుల్లో ఒక కాయ ఉడకబెట్టి గుజ్జు తీసి వేయండి. వీటన్నిటికన్నా నాకు ప్రాణం ఆంబుల. ఒడియా వాళ్లు మామిడికాయ ముక్కల్ని ఉప్పు వేసి ఎండబెట్టి ఏడాది పొడుగునా చేపల పులుసులో వేసుకుంటారే, అదే. రెండు ముక్కలు గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి, పిసికి, వడగట్టండి. పులుపుతో పాటు ఎండిన మామిడి వాసన వస్తుంది, ఏ సీసాలోనూ దొరకదు. అసలు ఆంబులనీ ఆవనీ కలిపి ఆంబుల రాయి అని వాళ్లకు ఒక వంటకమే ఉంది. ఆ జోడీ ముందే కుదిరి ఉంది, మనం నూనె కలిపి పాస్తా మీద పోస్తున్నాం, అంతే తేడా. ఆంబులలో ఉప్పు ఉంటుంది, మీరు వేసే ఉప్పు సగానికి తగ్గించండి.

నూనె సంగతి. ఇటలీ వాళ్లు ఆలివ్ నూనె వాడతారు, వాళ్ల ఊళ్లో పండుతుంది కాబట్టి. కొనగలిగితే మంచిదే. కొంటే మాత్రం మిక్సీలో వేసి గిర్రున తిప్పకండి, ఎక్స్‌ట్రా వర్జిన్ రకం అలా తిప్పితే చేదు తేలుతుంది, చేత్తోనే గిలకొట్టాలి. ఫ్రిజ్‌లో గడ్డకడుతుంది కూడా, అరగంట ముందు బయట పెడితే కరుగుతుంది. మన ఇళ్లకైతే నేను చెప్పేది మూడు వంతుల పొద్దుతిరుగుడు నూనె, ఒక వంతు గానుగ నువ్వుల నూనె. మొత్తం నువ్వుల నూనె పోస్తే పాస్తా పులిహోర వాసన వేస్తుంది. ఇంట్లో వాళ్లకు అదే ఇష్టమైతే అడ్డుపడేదాన్ని నేను కాదు. ఆవనూనె పచ్చిగా వేస్తామంటారా, ఆవముద్ద ఉండనే ఉంది, రెండూ కలిస్తే కళ్లు నీళ్లు తిరుగుతాయి. అర చెంచా దాటొద్దు. కొబ్బరినూనె అసలు వద్దు, ఫ్రిజ్‌లో పెట్టగానే రాయైపోతుంది.

(సీసాలు చూపిస్తూ) ఇదిగో, చూశారా, మొదటి సీసాలో నూనె అప్పుడే పైకి తేలింది. రెండోది ఇంకా పచ్చగా చిక్కగా ఉంది.

డ్రెస్సింగ్ ఎంత బాగున్నా పాస్తా సరిగ్గా ఉడక్కపోతే వృథా. పాకెట్ మీద డ్యూరమ్ గోధుమ రవ్వ అని ఉన్నది కొనండి, మైదాతో చేసినది సలాడ్‌లో ముద్దైపోతుంది. మెలికలు తిరిగినవీ గీతలున్నవీ మంచివి, ఆ సందుల్లో డ్రెస్సింగ్ నిలుస్తుంది. వంద గ్రాములకు లీటరు నీళ్లు, లీటరుకు రెండు టీ చెంచాల ఉప్పు. వేడిగా తినే పాస్తా కొంచెం పలుకుగా దించమంటారు కదా, సలాడ్‌కి ఆ సూత్రం పనికిరాదు. చల్లారాక పిండి పదార్థం బిగుసుకుంటుంది. చద్దన్నం మెతుకు గట్టిపడేది అందుకే. కాబట్టి పాకెట్ మీద రాసిన దానికన్నా ఒకటి రెండు నిమిషాలు ఎక్కువ ఉడకనివ్వండి. చిల్లుల గిన్నెలో వంపి, ఒక్కసారి చన్నీళ్లు చూపించి, నీళ్లు పూర్తిగా ఓడ్చేయండి. పైనున్న గంజి పోతుంది, ఒకదానికొకటి అంటుకోవు. అయితే మరీ చల్లగా చేయకండి. గోరువెచ్చగా ఉండగానే డ్రెస్సింగ్‌లో రెండు వంతులు పోసి కలిపేయాలి, అప్పుడు బాగా పీల్చుకుంటుంది. మూడో వంతు దాచి, వడ్డించే ముందు పోయండి. ఫ్రిజ్‌లో పెట్టిన పాస్తా సలాడ్ తెల్లారేసరికి ఎండిపోయినట్టు ఉందని అందరూ అనేది ఈ మూడో వంతు దాచకపోవడం వల్లే.

కూరముక్కల గురించి ఎక్కువ చెప్పను, మీకు తెలిసినవే. కీరా ముక్కలకు ఉప్పు రాసి, నీరు పిండేసి వేయండి, లేకపోతే ఆ నీరంతా డ్రెస్సింగ్‌ని పల్చన చేస్తుంది. టమాటా గింజలు తీసేయండి. ఉల్లిపాయ ముక్కలు కాసేపు ఆ పులుపులోనే నాననిస్తే పచ్చి వాసన తగ్గుతుంది. కొత్తిమీర ఆఖర్న.

పిల్లలకు తెల్లగా, చిక్కగా ఉంటేనే నచ్చుతుంది. అక్కడ రెండు దారులు. ఒకటి మన ఆవపెరుగే. పెరుగును గుడ్డలో కట్టి రెండు గంటలు వేలాడదీసి, ఆ గట్టి పెరుగు ఒక కప్పుకు ఒక టీ చెంచా ఆవముద్ద, రెండు చెంచాల నూనె, ఉప్పు, మిరియాలు. పాస్తా పెరుగులో తడిని లాగేస్తుంది, వడ్డించే ముందు రెండు చెంచాల పాలు పోసి వదులు చేయండి. రెండోది గుడ్డు లేని మయొనైజ్. పొడవాటి గ్లాసులో ఒక వంతు చల్లటి పాలు, రెండు వంతుల వాసనలేని నూనె, ఉప్పు, ఆవ వేసి హ్యాండ్ బ్లెండర్ అడుగుదాకా దించి తిప్పండి, చిక్కబడ్డాక నిమ్మరసం. పచ్చి గుడ్డుతో మాత్రం ఇంట్లో చేయకండి. 2024 అక్టోబరు చివర తెలంగాణ ప్రభుత్వం పచ్చి గుడ్ల మయొనైజ్‌ను ఏడాదిపాటు నిషేధించింది, మీరు టీవీలో చూసే ఉంటారు. పచ్చి గుడ్డులో సాల్మనెల్లా అనే జబ్బు చేసే క్రిమి ఉండొచ్చు, మన ఉక్కపోతలో అది పెరగడానికి ఎంతోసేపు పట్టదు.

ఇంకో జాగ్రత్త, ఇది చాలామందికి తెలియదు. వెల్లుల్లి రెబ్బల్ని నూనెలో వేసి గట్టు మీద నిల్వ ఉంచితే వాసన బాగుంటుందని కొందరు చేస్తారు. అలా చేయొద్దు. వెల్లుల్లికి మట్టి నుంచి బోట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు తెచ్చే క్రిమి బీజాలు అంటుకుని రావచ్చు. నూనె లోపల గాలి ఆడదు, పులుపు లేదు, వాటికి అదే కావాలి. చెడిపోయినట్టు వాసన కూడా రాకపోవచ్చు. వెల్లుల్లి వేసిన డ్రెస్సింగ్ ఏదైనా ఫ్రిజ్‌లోనే ఉంచి మూడు నాలుగు రోజుల్లో వాడేయండి.

కార్తీకంలో వనభోజనాలకు, డిసెంబరులో ఒడియా స్నేహితులతో బణభోజికి, అంటే వాళ్ల వనభోజనాలకు, తంపరా చెరువుకో గోపాల్‌పూర్ బీచ్‌కో వెళ్తాం కదా, ఈ సలాడ్ పట్టుకెళ్లడానికి వీలుగా ఉంటుంది, అక్కడ పొయ్యి వెలిగించక్కర్లేదు. పాస్తా, ముక్కలు ఒక డబ్బాలో, డ్రెస్సింగ్ సీసాలో విడిగా, రెండూ ఐసు పెట్టెలో. బయటికి తీశాక రెండు గంటల్లో తినేయాలి. ఎండాకాలమైతే గంటే. మిగిలితే పారేయండి. ఉడికిన అన్నమైనా పాస్తా అయినా వేడిలో అలా ఉంటే అందులో పెరిగే క్రిములు కొన్ని విషం వదులుతాయి, తర్వాత వేడి చేసినా ఆ విషం పోదు. పారేయడానికి మనసు రాదు, నాకు తెలుసు. అందుకే కొంచెం తక్కువ కలపండి.

ఇక మీరు అడగండి.

(ప్రశ్న: కార్తీకంలో మేము ఉల్లి, వెల్లుల్లి ముట్టం. అవి లేకుండా బాగుంటుందా?)

బాగుంటుంది వదినా. ఘాటు ఇచ్చేది ఆవ కదా, వెల్లుల్లి ఉన్నా లేకపోయినా దానికి లోటు లేదు. అర టీ చెంచా అల్లం రసం వేయండి. ఇంగువ వాసన కావాలంటే ఒక చెంచా నూనె వేడి చేసి చిటికెడు ఇంగువ వేసి, పూర్తిగా చల్లారాక మిగతా నూనెలో కలపండి. వేడి నూనె ఆవముద్ద మీద పోస్తే ఘాటు పోతుంది.

(ప్రశ్న: షుగర్ ఉన్నవాళ్లకు బెల్లం మానేస్తే?)

మానేయండి, ఏమీ కాదు. పులుపు కొంచెం పదునుగా తగులుతుంది. రెండు ముక్కలు ఉడికిన కేరట్ మెత్తగా చిదిపి కలిపితే ఆ పదును కాస్త తగ్గుతుంది. పాస్తా కూడా పిండే అని మర్చిపోకండి, కూరముక్కలు సగం ఉండేలా చూసుకోండి.

(ప్రశ్న: మిగిలిన సలాడ్‌కి మర్నాడు తాలింపు పెట్టొచ్చా?)

(నవ్వులు) ఇది అడుగుతారని నాకు తెలుసు. ఫ్రిజ్‌లో ఉన్నదైతే పెట్టండి బాబాయిగారూ. మూకుట్లో విడిగా నూనె వేయక్కర్లేదు, డ్రెస్సింగ్‌లో ఉన్నదే చాలు. కరివేపాకు, ఎండుమిర్చి వేసి పాస్తా పొగలొచ్చేదాకా వేయించండి. పెరుగుతో చేసినది మాత్రం పొయ్యి మీద పెట్టకండి, విరిగిపోతుంది. దాన్ని చల్లగానే తినాలి.

సరే, ఆ చివర బల్ల మీద మూడు గిన్నెలు ఉన్నాయి. నిమ్మది ఒకటి, ఆంబులది ఒకటి, ఆవపెరుగుది ఒకటి. ఆంబుల గిన్నె చిన్నది, ముందు వెళ్లినవాళ్లు వెనకవాళ్లకు కొంచెం ఉంచండి.